కరివేపచెట్టున నిలిచిన పేరు

మన వంటింటి కరివేపాకు శాస్త్రనామములో ఒక బాటసారి పేరున్నది. లినేయసు శిష్యుడైన కోనిగ్ 1768లో వైద్యుడుగా తరంగంబాడికి వచ్చెను. 1771లో గురువు ఈ చెట్టుకు శిష్యుని పేరుంచెను. కోనిగ్ పిదప ఈస్టిండియా కంపెనీ కొలువున చేరి, మొక్కలకై సయాము వరకు తిరిగెను. 1784లో కలకత్తాకు పోవు త్రోవలో విశాఖపట్టణమున తోడి వృక్షప్రియుడు రసెల్‌ను కలిసికొనెను. 1785లో కాకినాడ చెంత జగన్నాథపురమున అతిసారమున మంచము పట్టగా, సామర్లకోటలో మిరియపు తీగలు పెంచిన మిత్రుడు రాక్స్‌బరో వైద్యము చేసెను, ప్రాణము దక్కలేదు. ఆయన కొలువు రసెల్‌కును, అటుపిమ్మట రాక్స్‌బరోకును సంక్రమించెను. మన కోరమాండలు తీరపు మొక్కలను వర్ణించిన రాక్స్‌బరో గ్రంథము 1795 నుండి వెలువడెను. కూరలో కరివేపాకును తీసి పారవేయుదుము గాని, ఆ పేరును పారవేయరాదు.