భారరహిత స్థితిలో దిక్కులు తారుమారు: మెదడు ఎలా సర్దుకుంటుంది?

భూమిపై మనిషి కళ్లు మూసుకున్నా ఏది పైన, ఏది కింద అన్నది తెలుస్తూనే ఉంటుంది. కక్ష్యలోకి చేరగానే ఈ ఆధారం తొలగిపోతుంది. మానవసహిత గగన్‌యాన్ యాత్రకు శ్రీహరికోట వేదిక కానున్న నేపథ్యంలో, బరువు లేని చోట మెదడు స్థలాన్ని, దిశను ఎలా గ్రహిస్తుందన్నది వ్యోమగాముల భద్రతతో ముడిపడిన అంశం.

లోపలి చెవి పాత్ర

లోపలి చెవిలోని మూడు అర్ధవృత్తాకార నాళాలు తల తిరిగే కదలికను పసిగడతాయి. ఓటోలిత్ అవయవాలు గురుత్వాకర్షణను, సరళరేఖలో కలిగే త్వరణాన్ని గుర్తిస్తాయి. తల వంచినప్పుడు వీటిలోని కాల్షియం కార్బొనేట్ స్ఫటికాల బరువుకు సూక్ష్మ రోమాలు వంగి మెదడుకు సంకేతం పంపుతాయి. కక్ష్యలో వ్యోమనౌక, అందులోని మనిషి, చెవిలోని స్ఫటికాలు అన్నీ కలిసి నిరంతరం భూమివైపు పడుతూనే ఉంటాయి. అందువల్ల స్ఫటికాల బరువు తెలియదు. తల వంగిన సంకేతమూ అందదు. నాళాలు, కళ్లు మాత్రం యథావిధిగా సమాచారం పంపుతాయి. ఈ రెండింటికీ పొంతన కుదరక మెదడు తికమకపడుతుంది.

1961 ఆగస్టులో వోస్తోక్-2లో ప్రయాణించిన సోవియట్ వ్యోమగామి గెర్మన్ టిటోవ్ తలకిందులైనట్లు భావించారు. అంతరిక్షంలో వికారానికి లోనైన తొలి వ్యక్తి కూడా ఆయనే. తొలి రెండు మూడు రోజుల్లో సగానికి పైగా వ్యోమగాములకు ఈ ఇబ్బంది తప్పదు.

గోడే నేలగా మారితే

తోటి వ్యోమగామి తలకిందులుగా కనిపించిన మరుక్షణమే గది మొత్తం తిరగబడినట్లు, గోడ నేలగా మారినట్లు అనిపించడం సర్వసాధారణం. 1997 జూన్ 25న సరకు నౌక ఢీకొని ‘మిర్’ కేంద్రం విద్యుత్తు కోల్పోయినప్పుడు, సోయజ్ ఇంజిన్లతో కేంద్రాన్ని సూర్యుడివైపు తిప్పవలసి వచ్చింది. సోయజ్‌ను ఏ దిశలో నడిపితే మిర్ ఎటు తిరుగుతుందో సిబ్బంది మనసులోనే లెక్కగట్టవలసి వచ్చింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పైకప్పు, నేల, ఎడమ, కుడి అంటూ ప్రతి ఉపరితలానికీ గుర్తులు పెట్టడం ఈ గందరగోళాన్ని తగ్గించడానికే.

న్యూరోల్యాబ్ చెప్పిన విషయాలు

నాడీవ్యవస్థపై పరిశోధనలకే కేటాయించిన ‘న్యూరోల్యాబ్’ యాత్రను నాసా 1998 ఏప్రిల్‌లో చేపట్టింది. పైనుంచి వచ్చే బంతిని పట్టుకునే ప్రయోగంలో వ్యోమగాముల చేతులు అవసరానికి ముందే కదిలాయి. బంతి భూమిపై మాదిరిగా వేగం పుంజుకుంటుందనే మెదడు లెక్కవేసింది. గురుత్వాకర్షణ ప్రభావం తెలియకపోయినా దాని అంచనా మెదడులో నిలిచే ఉందని దీనితో తేలింది.

అదే యాత్రలో ఎలుకల మెదడులోని హిప్పోకాంపస్‌ను పరిశీలించారు. జంతువు ఒక నిర్దిష్ట చోటికి చేరినప్పుడు స్పందించే ‘స్థాన కణాలు’ ఇక్కడే ఉంటాయి. వీటిని కనుగొన్న జాన్ ఓకీఫ్‌కు 2014లో నోబెల్ పురస్కారం లభించింది. తొలి రోజుల్లో కొంత తడబాటు కనిపించినా, యాత్ర సాగేకొద్దీ ఎలుకల మెదడు భారరహిత స్థితిలోనూ స్థల పటాన్ని నిలబెట్టుకోగలిగింది.

భారతీయ అనుభవం

హైదరాబాద్ నిజాం కళాశాలలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో సాల్యూట్-7 కేంద్రానికి వెళ్లి, అంతరిక్షంలో దాదాపు ఎనిమిది రోజులు గడిపి, భారరహిత స్థితిలో యోగాభ్యాసంపై ప్రయోగం చేశారు. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన శ్రీనివాస్ చారి కుమారుడు రాజా చారి 2021 నవంబరు నుంచి 2022 మే వరకు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్నారు. ఉపకక్ష్య యాత్రలు చేసిన గుంటూరు జిల్లా మూలాలున్న శిరీష బండ్ల (2021), విజయవాడకు చెందిన గోపీచంద్ తోటకూర (2024) మాత్రం కొద్ది నిమిషాలే భారరహిత స్థితిని అనుభవించారు.

2025 జూన్, జులై నెలల్లో యాక్సియం-4 యాత్రలో పాల్గొన్న శుభాంశు శుక్లా చేపట్టిన ప్రయోగాల్లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ రూపొందించినది కూడా ఉంది. కంప్యూటర్ తెరపై గురిని చూపడం, చూపు నిలపడం, కనుపాపల వేగవంతమైన కదలికలు భారరహిత స్థితిలో ఎలా మారతాయన్నది దాని లక్ష్యం.

ముగ్గురు సభ్యులను 400 కిలోమీటర్ల ఎత్తున మూడు రోజులు ఉంచేలా గగన్‌యాన్‌ను రూపొందించారు. వికారం, దిక్కుల తికమక ఎక్కువగా వేధించేది సరిగ్గా ఆ తొలి మూడు రోజుల్లోనే. మెదడు పూర్తిగా సర్దుకునే లోపే తిరుగు ప్రయాణం మొదలవుతుంది. అందుకే మీటలు, తెరలు, గుర్తుల అమరిక తికమకకు తావివ్వని రీతిలో ఉండటం కీలకం.