ఈరిపబ్లిక్ ఆటలో రాజకీయ పార్టీ: పుట్టుక, పెత్తనం, కబ్జా

ఈరిపబ్లిక్ అనేది ఇంటర్నెట్ బ్రౌజర్‌లో ఆడే ప్రభుత్వ ఆట. జార్జ్ లెమ్నారు, అలెక్సిస్ బాంట్ అనే ఇద్దరు కలిసి దీన్ని మొదలుపెట్టారు. 2008లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇందులో దేశాల పేర్లు నిజమైనవే: ఇండియా, పాకిస్తాన్, ఇరాన్, టర్కీ, ఇండోనేషియా, ఇంకా ఎన్నో. అసలు దేశంతో పొరబడకుండా ఆటగాళ్లు పేరు ముందు ‘ఈ’ చేర్చి ఈ-ఇండియా, ఈ-పాకిస్తాన్ అంటారు. దేశాలు నిజమైనవే అయినా పార్టీలు మాత్రం కల్పితం. పేరు, జెండా, సిద్ధాంతం అన్నీ ఆటగాళ్లు పెట్టుకున్నవే.

పార్టీ పెట్టడం కష్టమేం కాదు. ఆటలో చెలామణి అయ్యే బంగారం కొంత చెల్లిస్తే చాలు. పెట్టేటప్పుడు రెండు రకాల ముద్రలు ఎంచుకోవాలి. ఆర్థికంగా వామపక్షమా, మధ్యేమార్గమా, కుడిపక్షమా అన్నది ఒకటి. పౌరుల స్వేచ్ఛ ముఖ్యమా, ప్రభుత్వ అధికారం ముఖ్యమా అన్నది రెండోది. ఈ ముద్రల వల్ల ఆటలో ఒరిగేదేమీ లేదు. పేరు కింద కనిపిస్తాయి, అంతే. వామపక్షం అని రాసుకున్న పార్టీ సభ్యులు పన్ను తగ్గించాలని ఓటేసినా అడిగేవాడు లేడు.

లెక్కలోకి వచ్చేది తలకాయల సంఖ్యే. సభ్యుల సంఖ్యలో మొదటి ఐదు స్థానాల్లో ఉన్న పార్టీలకే కాంగ్రెస్, అంటే పార్లమెంటు ఎన్నికల్లో నిలబడే అవకాశం ఉంటుంది. ఆరో స్థానంలో ఉన్న పార్టీ ఎంత మంచి మేనిఫెస్టో రాసినా ప్రయోజనం లేదు. మరో పార్టీలో కలిసిపోవాలి, లేదంటే కొత్త ఆటగాళ్ల వెంట పడి చేర్పించుకోవాలి. అందుకే ఈ ఆటలో ప్రచారమంతా పత్రికల మీదే నడుస్తుంది. ఎవరైనా సొంత పత్రిక పెట్టుకోవచ్చు, చదివినవాళ్లు ఓటేస్తే వ్యాసం పైకి వస్తుంది. మంచి పత్రిక చేతిలో ఉన్న నాయకుడికి సగం ఎన్నిక గెలిచినట్టే.

ఎన్నికలు నెలనెలా వస్తాయి. 15వ తేదీన పార్టీ అధ్యక్షుడి ఎన్నిక, 25న కాంగ్రెస్, 5న దేశాధ్యక్షుడు. ఆట గడియారం అమెరికా పశ్చిమ తీరపు సమయం ప్రకారం నడుస్తుంది. అంటే అక్కడి అర్ధరాత్రి మనకు మధ్యాహ్నం పన్నెండున్నర లేదా ఒకటిన్నర. ఒక్కో ఆటగాడికి ఒక్కటే ఓటు. నిజం డబ్బుతో ఎంత బంగారం కొన్నా రెండో ఓటు రాదు. యుద్ధాల్లో మాత్రం కొన్న బంగారం బాగానే పనిచేస్తుంది. పిల్లలు కార్డు అడిగితే ఎందుకో ఇంట్లో పెద్దలకు తెలియాల్సింది ఇక్కడే.

గెలిచినవాళ్ల చేతికి వచ్చే అధికారం తక్కువేం కాదు. పన్నులు నిర్ణయించడం, ఖజానా నుంచి సొమ్ము విడుదల చెయ్యడం, మిత్రదేశాలతో రక్షణ ఒప్పందాలు కుదుర్చుకోవడం, అధ్యక్షుణ్ని దించెయ్యడం, అన్నీ కాంగ్రెస్ ఓటుతోనే. ఖజానాలో ఉండేది వందలాది ఆటగాళ్లు రోజూ పనిచేసి కట్టిన పన్ను. దాని మీద కన్నేసేవాళ్లకు పార్టీయే తలుపు.

దీన్నే రాజకీయ కబ్జా అనొచ్చు. పద్ధతి ఇలా ఉంటుంది. శత్రుదేశపు ఆటగాళ్లు మెల్లగా వచ్చి పౌరసత్వం తీసుకుంటారు. మొదటి ఐదింటిలో బలహీనంగా ఉన్న పార్టీని చూసుకుని అందులో చేరతారు. 15న తమవాణ్ని అధ్యక్షుడిగా గెలిపించుకుంటారు. అభ్యర్థుల జాబితా ఇక అతని చేతిలోనే. 25న కాంగ్రెస్‌లో సీట్లు, 5న దేశాధ్యక్ష పదవి. అన్నీ కలిసొస్తే మూడు వారాల్లోపే ఖజానా తాళం పరాయివాళ్ల చేతికి వెళ్లిపోతుంది. నాలుగైదు ఏళ్లుగా పార్టీని పెంచినవాళ్లు తమ పార్టీలోనే మైనారిటీ అయిపోతారు. ఒక్కరే రెండు మూడు ఖాతాలు నడిపితే అది నేరం, ఖాతా మూసేస్తారు. కానీ వేరువేరు మనుషులు కూడబలుక్కుని వస్తే ఆట నియమాల ప్రకారం తప్పు పట్టడానికేమీ లేదు. ఆటగాళ్లు తక్కువగా ఉన్న దేశాలకే ఈ ముప్పు ఎక్కువ. యాభై ఓట్లు ఇటునుంచి అటు మారితే చాలు.

దీన్ని ఆపడానికి పౌరసత్వం ఇచ్చే అధికారాన్ని కాంగ్రెస్ సభ్యులకు అప్పగించారు. దరఖాస్తు చేసినవాడి పాత పత్రికలు, స్నేహితుల జాబితా, ఏ దేశం తరఫున యుద్ధం చేశాడు అన్నీ చూసి ఒప్పుకుంటారు. ఇందులో ఇంకో చిక్కు వచ్చిపడింది. కబ్జాదారులకు ఒక్క సీటు దొరికినా అదే అధికారంతో తమవాళ్లను ఇంకొందరిని లోపలికి పిలుచుకోవచ్చు. మరోపక్క నిజంగా ఆ దేశంలో ఆడాలని వచ్చిన అమాయకుడు అనుమానంతో గుమ్మంలోనే ఆగిపోతాడు. అందుకే గట్టి పార్టీలు 15వ తేదీ రాకముందే సభ్యులందరికీ సందేశాలు పంపి, ఎవరు ఓటేశారో ఎవరు వెయ్యలేదో గంటగంటకూ లెక్క చూసుకుంటాయి. అవసరమైతే మిత్రపార్టీ నుంచి సభ్యులను ఆ ఒక్కరోజుకు అరువు తెచ్చుకుంటాయి. కబ్జా చేసేవాళ్లు వాడే ఉపాయం కూడా దాదాపు ఇదే.

ఇలాంటి ఆటల్లో పాతది నేషన్‌స్టేట్స్. ఆస్ట్రేలియా నవలా రచయిత మాక్స్ బ్యారీ 2002లో తన నవల ప్రచారం కోసం పెట్టాడు. అక్కడ ఒక్కో ఆటగాడు ఒక్కో దేశం, కాబట్టి ఇలాంటి పార్టీల పోరు లేదు. దేశాలన్నీ చేరే సభను మొదట్లో ఐక్యరాజ్యసమితి అనేవారు. అసలు సమితి అభ్యంతరం చెప్పడంతో 2008లో పేరు మార్చి ప్రపంచ సభ అని పెట్టుకున్నారు.