ఇల్లే మసీదైన నెల

రంజాను అనగానే మన కళ్ళ ముందు మెదిలేది మసీదే కదండీ! పొద్దుగుంకే వేళ మోగే సైరను, వరసల్లో కూర్చున్న తెల్లటోపీలు, పళ్ళేల్లో ఖర్జూరప్పళ్ళు, రాత్రి పొద్దుపోయేదాకా సాగే తరావీ నమాజులు. మరి ఈ బొమ్మలో ఆడవాళ్ళెక్కడున్నారు?

ఎక్కడుంటారు, ఇంట్లోనే! తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి సహరీకి వండి, పిల్లల్నీ పెద్దల్నీ లేపి పెట్టి, తామూ నాలుగు ముద్దలు తిని, ఇక ఆ రోజంతా మంచినీళ్ళయినా ముట్టకుండా చాకిరీ చేసి, సాయంత్రానికి ఇఫ్తారు సర్ది, అప్పుడు ఓ మూల చాప పరచుకుని నమాజు చేసుకుంటారు. ఆ మూలను గురించి ఎవరూ వ్యాసాలు రాయలేదు. 2020లో మాత్రం లోకంలోని మగవాళ్ళంతా ఆ మూలకే వచ్చి చేరాల్సి వచ్చింది.

ఆ ఏడాది మార్చి 25న, సరిగ్గా మన ఉగాదినాడు, దేశమంతా లాక్‌డౌను మొదలైంది. భద్రాచలంలో రాములవారి కల్యాణం భక్తులు లేకుండానే జరిగింది. ఏప్రిల్ 25న రంజాను మొదలయ్యేనాటికి మన గుంటూరులో కరోనా జోరుగా ఉంది. మక్కాలోని పెద్ద మసీదులోనే బయటి జనం లేకుండా, ఇరవై రకాతుల తరావీని పదికి కుదించి చదివారు. దేవబంద్ పెద్దలు తరావీ ఇళ్ళలోనే చేసుకోమన్నారు. హైదరాబాదు మక్కా మసీదు బోసిపోయింది. ఆ ఏటికి హలీం అమ్మబోమని అక్కడి తయారీదారులే చెప్పేశారు.

మా తుళ్లూరు చుట్టుపక్కల పత్తి పండే నేల. ఈ ప్రాంతంలో దూది ఏకడమే వృత్తిగా బతికిన దూదేకుల వాళ్ళు తరతరాలుగా ఉన్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. బుర్రకథకి పేరు తెచ్చిన పద్మశ్రీ షేక్ నాజర్ ఆ కులంవాడే. ఊరు పొన్నెకల్లు, మాకు అంత దూరమేమీ కాదు. అలాంటి కుటుంబంలోని ఒకావిడ ఆ రోజుల్లో ఫోనులో నాతో అంది: “మా ఆయన ఒకటే దిగులక్కా, ఇంట్లో చేస్తే పుణ్యం తగ్గుతుందేమోనని. మరి ముప్పయ్యేళ్ళుగా నేను చేసేది ఇంట్లోనేగా, నాకు తగ్గిందా అని అడిగితే నోరు మెదపడే!”

నవ్వుకున్నాను గానీ, ఆవిడ మాటలో పెద్ద ప్రశ్నే ఉంది. చరిత్రలో దానికి జవాబుందా అని వెతికితే, ఆవిడ పక్షానే ఉంది!

తరావీ సంగతే చూడండి. ప్రవక్త కొన్ని రాత్రులు మసీదులో ఈ నమాజు చేయించారట. జనం రోజురోజుకీ పెరుగుతుంటే, ఇది విధిగా మారిపోతుందేమోనని బయటికి రావడం మానేశారు. ఫర్జు నమాజులు తప్ప తక్కినవి ఇంట్లో చేసుకోవడమే మేలన్నారు. తర్వాత ఖలీఫా ఉమర్ కాలంలోనే విడివిడిగా చదువుకునేవాళ్ళందర్నీ ఒక ఇమాము వెనక నిలబెట్టారు. అంటే గుంపు వచ్చింది తర్వాత. ముందున్నది ఇల్లే!

జనాన్ని అలా ఒకచోట చేర్చిన ఆ ఉమరే, జబ్బు వచ్చినప్పుడు ఏం చేశారో తెలుసా? క్రీ.శ. 639 ప్రాంతంలో సిరియా ప్రయాణం పెట్టుకుని, సర్గ్ అనే చోట ప్లేగు కబురు విని వెనక్కి మళ్ళారు. “దేవుడి రాతనుంచి పారిపోతున్నారా?” అని సేనాని అబూ ఉబైదా నిలదీశాడు. అవును, దేవుడి ఒక రాతనుంచి ఇంకో రాత వైపే వెళ్తున్నానని ఉమర్ అర్థం చెప్పారు. ఒంటెల్ని పచ్చని లోయలో మేపినా, ఎండిన లోయలో మేపినా దేవుడి చిత్తమే. అయినా కాపరి పచ్చిక వైపే తోలడూ? జబ్బున్న ఊళ్ళోకి వెళ్ళొద్దు, ఉన్నవాళ్ళు ఆ ఊరు విడిచి రావొద్దు అని ప్రవక్త చెప్పిన మాట కూడా అప్పుడే ఒకరు గుర్తుచేశారు. సైన్యంతో ఉండిపోయిన అబూ ఉబైదా ఆ ప్లేగులోనే పోయాడు.

ఇంకొకాయన కథ వింటే మనసు చివుక్కుమంటుంది. కైరో నగరంలో ఇబ్న్ హజర్ అని మహాపండితుడు. ప్లేగు ఆయన ముగ్గురు కూతుళ్ళని పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బు మీద ఒక గ్రంథమే రాశాడాయన. 1430లో కైరో జనం మూడు రోజులు ఉపవాసముండి, ఊరి బయట ఎడారిలో గుమికూడి ప్రార్థనలు చేశారు. అంతకుముందు రోజుకి నలభైకి లోపున్న చావులు నెల తిరక్కుండానే వెయ్యి దాటాయని ఆయన రాసిపెట్టాడు. సూక్ష్మజీవుల సంగతి తెలియని కాలంలో, బిడ్డల్ని పోగొట్టుకున్న తండ్రి కళ్ళతో చూసి రాసిన మాట అది.

ఉపవాసం విషయంలోనూ అంతే. జబ్బుపడినవాళ్ళు, ప్రయాణంలో ఉన్నవాళ్ళు ఆ రోజుల్ని తర్వాత తీర్చుకోవచ్చు. ఇక కోలుకునే ఆశ లేనివాళ్ళు రోజుకొక పేదకి అన్నం పెడితే చాలు. మగవాళ్ళకిది అరుదుగా అక్కరపడే వెసులుబాటు గానీ, ఆడవాళ్ళకి నెలనెలా తెలిసినదే. బయట చేరిన రోజుల బాకీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, పండుగ వెళ్ళాక గుట్టుగా తీర్చుకుంటారు. కడుపుతో ఉన్నవాళ్ళకీ, పాలిచ్చే తల్లులకీ ఆ వీలుంది. ఈ మతం శరీరాన్ని ఎంత దయగా చూస్తుందో వాళ్ళకి ఎవరూ ఉపన్యాసం చెప్పక్కర్లేదు.

అసలు తుళ్లూరు ఆడవాళ్ళకి ఇంటి బలం ఆ ఏడు బాగా తెలిసొచ్చింది. రాజధాని కోసం 2019 డిసెంబరులో మొదలైన దీక్షల్ని కూడా లాక్‌డౌనులో ఎవరిళ్ళ దగ్గర వాళ్ళు కూర్చునే సాగించారు.

మే 25న ఈద్ నమాజు కూడా ఇళ్ళలోనే అయింది. కొత్త బట్టలు లేకపోయినా సేమ్యా ఉడికింది. ఫిత్రా పేదల ఇళ్ళకి చేరింది. 2021 రంజాను ఇంకా కష్టంగా, రెండో ఉప్పెన నడుమ గడిచింది. పక్కన ఉండాల్సిన మనిషి లేని ఇఫ్తార్లు ఎన్నిళ్ళలోనో!

తర్వాత మసీదులు మళ్ళీ నిండాయి. నిండాలి కూడా, నలుగురితో కలిసి చేసే ప్రార్థనకి ఉండే నిండుతనం వేరు. కానీ తలుపులు మూతపడినా రంజాను ఆగలేదు. వంటింటి పక్కన చాప పరచుకుని ఆడవాళ్ళు నేర్చిన విద్యే మగవాళ్ళకీ పనికొచ్చింది. పక్కపక్కనే చాపలు పరచుకుని, తండ్రి ముందు నిలబడి చదువుతుంటే వెనక తల్లీ పిల్లలూ వరస కట్టిన ఇళ్ళున్నాయి. ఆ పిల్లలు పెద్దయ్యాక రంజాను అనగానే మసీదుతోపాటు తమ ఇంటి మూల కూడా గుర్తుచేసుకుంటారు.