మేనల్లుడు అల్లుడైన శాసనం

నాగార్జునకొండ మహాచైత్యం స్తంభాల మీద చాంతిసిరి తన చుట్టరికాలన్నీ చెక్కించింది. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడికి తోబుట్టువు, ఆయన కొడుకు వీరపురుషదత్తుడికి మేనత్త. ఇది వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరం నాటి మాట. 18వ సంవత్సరపు శాసనానికి వచ్చేసరికి అదే మేనల్లుణ్ని ఆమె అల్లుడని చెప్పుకుంది. ఆమె తోబుట్టువు హమ్మసిరి కూతురు బాపిసిరి కూడా ఆ రాజుకు రాణే.

శాసనాల భాష ప్రాకృతం. వరసలు మాత్రం గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇప్పటికీ వినిపించేవే. మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని చేసుకోవడం దక్షిణాది ఆచారమని బౌధాయన ధర్మసూత్రం కూడా పేర్కొంది.

ఈ ఏర్పాటంతా పిలుపుల్లోనే ఉంది. పెదనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్ని పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వాళ్ల మధ్య పెళ్లి ఊహకే అందదు. మేనమామ, మేనత్త పిల్లలైతే బావలు, వదినలు, మరదళ్లు. పెళ్లికి ముందే అత్త అత్తే, మామ మామే. అందుకే ఈ పల్లెల్లో పరిచయం కాగానే ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగి వరస తేల్చుకుంటారు. అమెరికన్ పరిశోధకుడు లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లో ప్రపంచ బంధుత్వాల మీద వేసిన పెద్ద గ్రంథంలో తమిళ, కన్నడ వరసలతో పాటు తెలుగువీ చేరాయి.

నల్లరేగడి నేలకూ ఇందులో పాత్ర ఉంది. కూతురికి పసుపుకుంకుమ కింద పత్తి చేలో రెండెకరాలు రాసిస్తే, ఆమె కూతురు తిరిగి మేనమామ ఇంటికే కోడలైనప్పుడు ఆ పొలం పరాయిది కాదు. మమకారం ఎంతుందో లెక్కా అంతే ఉంది. ఆ లెక్కలో ఆడపిల్ల ఇష్టాన్ని అడిగినవాళ్లు తక్కువ.

మిరపకోతల్లో రక్తసంబంధం లేనివాళ్లనూ పిన్నీ, బాబాయ్ అని పిలుస్తారు. ఎంత మంచి అలవాటో! కానీ దళితవాడల పెద్దలను, వయసులో చిన్నవాళ్లు సైతం, వట్టి పేరుతోనే పిలిచిన కాలం చాలా పొడవైనది.

1955 హిందూ వివాహ చట్టం దగ్గరి చుట్టాల మధ్య పెళ్లిళ్లను నిషేధిస్తూనే ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. మేనరికాన్ని తగ్గించింది చదువులు, వలసలు, డాక్టర్ల హెచ్చరికలు. తుంగభద్ర ఆయకట్టు క్యాంపులకు, ఆ తర్వాత హైదరాబాద్‌కు, అమెరికాకు తరలిన కుటుంబాలు కొత్త ఊళ్లలో కొత్త సంబంధాలు వెతుక్కున్నాయి. అయినా ఏ చుట్టరికమూ లేని ఇంటికి కోడలిగా వెళ్లే పిల్ల అక్కడి పెద్దలను అత్తయ్య, మామయ్య అనే పిలుస్తోంది. ఆమెను గంపలో కూర్చోబెట్టి పెళ్లిపీటల దగ్గరికి తెచ్చే బాధ్యత ఇప్పటికీ మేనమామదే.