లేపాక్షి కప్పు మీది బట్టలు: వర్ణచిత్రం చరిత్రకు ఆధారమయ్యే తీరు

విజయనగర కాలపు శాసనాలు వేల కొద్దీ మిగిలాయి. నాణేలు మిగిలాయి. ఆనాటి మనుషులు ఒంటి మీద కట్టుకున్న బట్ట మాత్రం దాదాపుగా మిగల్లేదు. చెమ్మకు చివికింది, చెదలకు పోయింది. ఆ బట్టను చూడాలంటే లేపాక్షి వీరభద్రాలయంలో తల పైకెత్తాలి.

2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో ఉన్న లేపాక్షి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. కూర్మశైలమనే చిన్న గుట్ట మీద, అచ్యుతదేవరాయల కాలంలో (1529-42), విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు ఈ గుడిని విస్తరించారు. కప్పు రాళ్లకు సున్నపు గార పూసి, దాని మీద సున్నం తెలుపు, కావి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, మసి నలుపు రంగులతో చిత్రాలు వేశారు. రూపాలకు నల్లని గీతతో అంచు కట్టారు. కిరాతార్జునీయం, పార్వతీకల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, మనునీతి చోళుని కథ ఆ కప్పుల మీద బారులు తీరి ఉన్నాయి.

కథ పురాణానిది, కట్టు మాత్రం చిత్రకారుడి కాలానిది. పార్వతి పెళ్లికి వచ్చిన స్త్రీల వరసనే చూడండి. పక్కకు వాల్చిన పెద్ద కొప్పులు, కుచ్చిళ్లు పోసి బిగించిన చీరలు. ఒక చీరకు అడ్డచారలు, పక్కదానికి గళ్లు, ఆ పక్కదానికి పువ్వులు. అంచు రంగు వేరు, ఒడలి రంగు వేరు. చిత్రకారుడు ఒకే చీరను పదిమందికి కట్టబెట్టి చేతులు దులుపుకోలేదు.

మగవాళ్ల తలల మీది పొడవాటి మొనదేలిన టోపీ మరో సాక్ష్యం. దాని పేరు కుల్లాయి. మాట పారశీకం నుంచి వచ్చింది. శ్రీనాథుడిదిగా చెప్పే చాటువులో, విజయనగర రాజు ప్రౌఢదేవరాయల కొలువుకు వెళ్లిన కవి కుల్లాయి పెట్టుకున్నానంటాడు. అంటే ఈ చిత్రాలకు సుమారు వందేళ్ల ముందే అది విజయనగర కొలువు వేషం. చరిత్రకారుడు ఫిలిప్ వాగనర్ 1996లో రాసిన వ్యాసంలో ఈ వేషాన్ని విస్తారంగా చర్చించి, విజయనగర పాలకులు ఇస్లామీయ ప్రపంచపు రాచమర్యాదను తమదిగా చేసుకున్నారని వాదించారు. లేపాక్షిలో ఆ టోపీతోనే దాతలు శివుడి ముందు నిలబడ్డారు. భక్తికీ ఆ వేషానికీ వాళ్లకు వైరుధ్యం తోచలేదు. రెండు మతాల మధ్య ఎడతెగని పోరుగా మాత్రమే ఆ కాలాన్ని చెప్పేవాళ్లకు ఈ కప్పు గట్టి జవాబు.

అయితే చిత్రం అన్నీ చెప్పదు. గుడి గోడల మీది శాసనాలు దానమిచ్చిన ఊళ్లనూ భూములనూ లెక్క చెబుతాయి. కప్పు దాతల దర్జా చూపుతుంది. ఆ భూములు దున్నినవాడు గానీ, ఆ చీరలు నేసినవాడు గానీ దాతల వరసలో లేడు. నేసినవాడి పనితనం మాత్రం ఉంది. ధర్మవరం మగ్గాల మీద నేడు లేపాక్షి అంచులు కనిపిస్తున్నాయి కదా, అదే పరంపర అనడం తొందరపాటు. లేపాక్షి లతామండపం స్తంభాల మీది చెక్కడాలను చూసి తర్వాతి కాలంలో ఎత్తుకున్న నమూనాలు వేరు, తరతరాల నేత వేరు. పోలిక ఒక్కటే వారసత్వానికి రుజువు కాదు.

పరిశోధకులు డల్లాపికోలా, ఖాన్ మజ్లిస్, మిషెల్ కలిసి 2019లో లేపాక్షి మీద ఒక పెద్ద గ్రంథం తెచ్చారు. ఇంకా మిగిలిన పని మగ్గం దగ్గరి మనిషిది. ఆ గడి పడుగు పేకల్లో రంగు మార్చి నేసిందా, అద్దకమా? ఆ అంచుకు వేరే నాడె కావాలా? నేతగాడు ఒక్క చూపులో పట్టే తేడాను శాసనాలు చదివే మా కళ్లు పట్టలేవు.

లేపాక్షికి వచ్చినవాళ్లు వేలాడే స్తంభం కింద కండువా దూర్చి చూస్తారు. తలపైన ఉన్న బట్టలు చూడకుండానే వెళ్లిపోతారు. గార ఇప్పటికే చాలాచోట్ల పెచ్చులూడింది. మిగిలినదాన్ని జానెడు జానెడుగా నమోదు చెయ్యాలి. ఆ పనిలో పురావస్తు నిపుణుల పక్కన ధర్మవరం నేతగాళ్లను కూర్చోబెట్టాలని నా విన్నపం.