గని గాలి, గది గాలి

బాయి పనిచేసిన ఇంట్లో పుట్టిన మనకు గాలి లెక్క ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు. ఒక దారిన మంచి గాలి లోపలికి పోవాలి, ఇంకో దారిన చెడ్డ గాలి బయటికి రావాలి. ఫ్యాన్ ఆగితే కింద పని ఆగాల్సిందే. గనిలో ఇంత పట్టుదలగా పాటించిన ఈ లెక్క మన ఇళ్లకూ, బడి గదులకూ ఎందుకు చేరలేదు? స్వర్ణోత్సవ కానుకగా బడికి ఒక కొత్త గది కట్టిద్దామని మన సంఘంలో మాట నడుస్తున్నది కనుక ఈ చరిత్రను ఇప్పుడు తిరగేయడం అవసరమనిపించింది.

1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నదని గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. బెల్లంపల్లి, కొత్తగూడెం దాటి మన గోదావరి ఒడ్డుకు బాయిలు వచ్చేసరికి 1960 ప్రాంతం అయింది. అప్పటికే 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు అమల్లో ఉన్నాయి. పెద్ద షిఫ్టులో ఉన్న ఒక్కో మనిషికి నిమిషానికి కనీసం 6 ఘనపు మీటర్ల గాలి అందాలి. ఉత్పత్తిని బట్టి ఇంకా ఎక్కువ కావలసివస్తే అదీ ఇవ్వాలి. ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు, కార్బన్ డయాక్సైడ్ 0.5 శాతం మించకూడదు. అంటే గోదావరిఖనిలో మొదటి ఇంక్లైన్ దిగిన కార్మికుడికి ఎంత గాలి అందాలో చట్టంలో రాసి ఉన్నది. అదే కార్మికుడి పిల్లలు కూర్చునే తరగతి గదిలో గాలిని ఇలా కొలిచి చూసే అలవాటు మాత్రం మనకు రాలేదు.

విచిత్రమేమిటంటే, చరిత్రలో గది గాలి లెక్కా గని గాలి లెక్కా ఒకే మనిషి చేతుల మీదుగా నడిచాయి. గనుల్లో విషవాయువును పసిగట్టడానికి కెనరీ పిట్టలను తీసుకెళ్లమన్న జాన్ స్కాట్ హాల్డేన్ పేరు మైనింగ్ చదివినవారికి తెలుసు. ఆయన అంతకు ముందు చేసిన పని అంతగా ఎవరికీ తెలియదు. స్కాట్లాండ్‌లోని డండీ పట్టణంలో కార్నెల్లీ, ఆండర్సన్‌లతో కలిసి అర్ధరాత్రి దాటాక పేదల ఇళ్ల తలుపులు తట్టి, ముందు చెప్పకుండా గాలి నమూనాలు పట్టారు. బడుల్లోనూ పట్టారు. 1887లో ఫలితాలు అచ్చయ్యాయి. ఒంటిగది ఇళ్ల గాలి నాలుగు గదుల ఇళ్ల గాలి కంటే బాగా చెడ్డదని తేలింది. యంత్రంతో గాలి ఆడించే బడుల కంటే కిటికీలనే నమ్ముకున్న బడుల్లో గాలి చెడ్డగా ఉన్నది. అక్కడ చలికి కిటికీలు మూసేవారు. మనం ఎండకూ, బొగ్గు దుమ్ముకూ మూస్తాం. కారణమే వేరు, గదిలో జరిగేది ఒకటే.

అంతకన్నా ముందే, 1858లో, మ్యూనిక్‌లో పెటెన్‌కోఫర్ అనే వైద్యశాస్త్రవేత్త గది గాలికి ఒక హద్దు పెట్టాడు. కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 1000 దాటితే ఆ గది కూర్చోవడానికి తగదన్నాడు. మన గని నిబంధనలోని 0.5 శాతం అంటే 5000. గది హద్దు గని హద్దు కంటే అయిదు రెట్లు కఠినం! అయితే గనిలో గాలికి మీథేన్‌ను పలచబరచడం, వేడి తగ్గించడం వంటి బరువులు చాలా ఉన్నాయి. అందుకే అంత గాలి. బడి గదికి అందులో పదో వంతు చాలు.

ఇక ఇళ్ల సంగతి. పల్లెల నుంచి వచ్చిన మన పెద్దలు వదిలి వచ్చినవి గూనపెంకుల ఇళ్లు. పెంకుల సందుల్లోంచి పొగా, వేడీ పైకి పోయేవి. ఇక్కడ దొరికినవి రేకుల ఇళ్లు, ఆ తర్వాత స్లాబు ఇళ్లు. వంటకు బొగ్గు. కుంపటిని వాకిట్లో రాజేసి, పొగ తగ్గి నిప్పు ఎర్రబడ్డాక లోపలికి తెచ్చేవారు. కంటికి అది మంచి పద్ధతే. కానీ పొగ తగ్గిన నిప్పులోంచి కూడా వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. హాల్డేన్ పిట్టలు పసిగట్టింది ఆ వాయువునే. ముడి బొగ్గును ఇంటి పొయ్యిలో అసలు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో చెప్పింది. అప్పటికి మనలో చాలా ఇళ్లకు గ్యాస్ వచ్చేసింది. ఆ మార్పుతో మన అమ్మల ఊపిరితిత్తులకు ఎంత మేలు జరిగిందో ఎవరూ వేడుక చేసుకోలేదు.

కొత్త గదికి బూడిద ఇటుకలు వాడదామని కొందరు మిత్రులన్నారు. మంచిదే. ఎన్టీపీసీలో మొదటి యూనిట్ నడిచిన 1983 నుంచీ మన దగ్గర బూడిదకు కొదవ లేదు. అయితే ఇటుక ఏదైనా గాలి దారి వేరే ఉండాలి. హైదరాబాద్‌లో 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటర్ అమెరికా బయట ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం. దాన్ని చూసినవారికి గుర్తుండేది నడిమి ముంగిలి, జాలీలు, గాలి గోపురాలు. మన పాత భవంతి ఇళ్ల నడిమి ముంగిలికి అది దగ్గరి చుట్టమే.

ఏసీ పెడితే చాలని ఇంకొందరి మాట. గోడకు పెట్టే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. ఉన్న గాలినే చల్లబరచి తిప్పుతుంది. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గదిలో 40 మంది పిల్లలను కూర్చోబెట్టి పూర్తిగా మూసేస్తే, నా లెక్కలో పది నిమిషాల లోపే పెటెన్‌కోఫర్ హద్దు దాటుతుంది. పీరియడ్ అయ్యేసరికి 3000 మించుతుంది. ఆవలింతలన్నీ పాఠం వల్లనే వస్తాయనుకోవడం మన సార్లకు అన్యాయం.

ఏసీ వద్దనడం లేదు. మే నెల రామగుండంలో ఆ మాట అనే ధైర్యం నాకు లేదు. ఒక గోడకు కింద వడపోత ఉన్న ఫ్యాన్‌తో బయటి గాలి లోపలికి రావాలి, ఎదుటి గోడకు పైన బయటికి పోయే దారి ఉండాలి. లోపలికి వచ్చే దారి రోడ్డు వైపు కాకుండా చెట్ల వైపు ఉండాలి. కొన్ని వేల రూపాయల్లో దొరికే కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి గోడకు తగిలిస్తే పిల్లలే రోజూ చదివి రాసుకుంటారు. నక్ష ఇంకా మేస్త్రీ చేతికి పోలేదు. ఆ రెండు దారులూ ఇప్పుడే గుర్తు పెట్టిస్తే అదనపు ఖర్చు పెద్దగా ఉండదు. గోడ లేచాక పెట్టాలంటే పగలగొట్టాలి.