ముప్పదితొమ్మిది యంకెల సంఖ్య

పెద్దలు చెప్పిన మాట నిజమై యుండవచ్చును. వారు చెప్పినంతమాత్రముననే నిజమగునని నమ్మరాదు. ఈ భేదమును గణితశాస్త్ర చరిత్రము తేటగా బోధించుచున్నది.

ఒకటిచేతను తనచేతను దక్క వేఱు సంఖ్యచే నిశ్శేషముగ భాగింపఁబడనిదానిని ప్రధానసంఖ్య యందురు. అయిదు రెండ్లను హెచ్చవేసి యొకటి తీసివేసిన 31 వచ్చును, ఇది ప్రధానసంఖ్య. పదునొకండు రెండ్లతో నట్లే చేసిన 2047 వచ్చును. ఇది 23ను 89చే గుణింపఁగా వచ్చునది గనుక ప్రధానసంఖ్య కాదు. ఏయే చోట్ల ప్రధానసంఖ్యలు గలుగును?

ఫ్రాన్సుదేశపు సన్యాసి మెర్సెన్ను 1644వ సంవత్సరమున నొక పట్టికను బ్రకటించెను. 257 రెండ్ల దాఁక 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అను పదునొకండు చోట్ల మాత్రమే ప్రధానసంఖ్యలు గలుగునని యాతని వాక్యము. పూర్తి నిరూపణము మాత్రము చూపలేదు. అయినను గొప్పవాని మాట గావున నది రెండువందల యేండ్లకుఁ బైగా నిలిచెను.

1772లో ఆయిలరు 31 రెండ్ల సంఖ్యను నిరూపించెను. 1876లో ఫ్రెంచి పండితుఁడు లూకా, 127 సరియైనదనియు 67 తప్పనియుఁ దేల్చెను. 127 రెండ్లవలనఁ గలిగిన సంఖ్య యిది: 170141183460469231731687303715884105727.

ఇంత సంఖ్యను భాగించి భాగించి చూడ మానవాయుర్దాయము చాలదు. కావున లూకా వేఱు త్రోవఁ ద్రొక్కెను. పిమ్మట లేమరు సుగమము చేసిన యా పద్ధతిని 31తోఁ జూతము. 4తో మొదలిడి, వర్గముచేసి, రెండు తీసివేసి, 31చే భాగింపఁగా మిగిలిన శేషమునే మరల వర్గము చేయవలెను. 4 నుండి 14 వచ్చును. 14 నుండి 194, అనఁగా శేషము 8. 8 నుండి 62. ఇది 31చే నిశ్శేషముగ భాగింపఁబడును. కావున 31 ప్రధానసంఖ్య. అయిదు రెండ్లకు మూఁడు మెట్లు చాలినవి. 127 రెండ్లకు 125 మెట్లు చాలును.

67 రెండ్ల సంఖ్య ప్రధానసంఖ్య కాదని లూకా చెప్పినను, అది దేనిని దేనిచే గుణింపఁగా వచ్చినదో తెలియలేదు. 1903లో న్యూయార్కు సభయందు కోలు అను నాచార్యుఁడు 193707721ని 761838257287చే గుణించి, 147573952589676412927 వచ్చుట చూపెను. దీనికి మూఁడేండ్ల యాదివారములు పట్టినవని యాతఁడన్నట్లు చెప్పుదురు. తరువాత 257 కూడఁ దప్పని తేలెను. 61, 89, 107 అనువానిని మెర్సెన్ను విడిచిపెట్టెనని కూడఁ దెలిసెను. 1947 నాఁటికి పట్టిక యంతయు సరిచూడఁబడెను.

లూకా సంఖ్య 1951 వఱకు నెఱిఁగిన ప్రధానసంఖ్యలలోఁ బెద్దదిగా నుండెను. 2024లో యంత్రములచేఁ గనుఁగొన్న సంఖ్యకు 41024320 అంకెలు గలవు. దానిని సరిచూచుటకును లూకా త్రోవయే యుపయోగపడెను.

మేము మెర్సెన్నును నిందింపము. మంచి ప్రశ్న వేసిన పుణ్యమాతనిదే. పరీక్షింపక నమ్మిన దోషము తరువాతివారిది. మన యింటి పిల్లలు “ఇది నిజమని యెట్లు తెలియును?” అని యడిగినపుడు, “పెద్దలు చెప్పిరి” అని నోరు మూయింపక, 2047ను భాగించి చూడుమని పలక చేతికిత్తము.